విశాఖ గాలికి తగిన రేడియేటర్: నీటితో చల్లబరిచే డెస్క్‌టాప్ కట్టుకునేవారికి

నీటితో చల్లబరిచే డెస్క్‌టాప్ కట్టుకోవాలనుకునేవారు ప్రాసెసర్ గురించి, గ్రాఫిక్స్ కార్డు గురించి నెలల తరబడి ఆలోచిస్తారు. వాటర్ బ్లాక్ మెరుపును, గొట్టాల వంపును ముచ్చటపడి ఎంచుకుంటారు. రేడియేటర్ దగ్గరకు వచ్చేసరికి మాత్రం క్యాబినెట్‌లో పట్టేది ఏదో ఒకటి చాలనుకుని ఆర్డర్ పెట్టేస్తారు. ఆ యంత్రం మొత్తంలో వేడిని బయటకు సాగనంపేది రేడియేటర్ ఒక్కటే అన్న సంగతి అప్పుడు గుర్తుకు రాదు. బ్లాక్ చిప్ వేడిని నీటికి అందిస్తుంది, పంపు ఆ నీటిని తిప్పుతుంది. ఆ వేడి చివరకు గది గాలిలో కలవవలసింది రేడియేటర్ ఫిన్ల మీదుగానే, అంటే గాలి దూరిపోయే సన్నని లోహపు రేకుల మీదుగానే. ఆ ఒక్క చోట పొరపాటు జరిగితే మిగిలిన ఖర్చంతా వృథా అవుతుంది.

విశాఖలో ఉండేవారికి ఈ ఎంపికలో మరింత జాగ్రత్త అవసరం. 20, 22 డిగ్రీల గదుల్లో పరీక్షించి రాసిన సమీక్షలను చదివి, మే నెల మధ్యాహ్నం ఇక్కడ నడవవలసిన యంత్రానికి మనం సరుకు కొంటున్నాం. ఎంవీపీ కాలనీలో సముద్రపు గాలి తగిలే ఇంట్లో ఇటువంటి యంత్రాలను కట్టి, విప్పి, కడిగి, మళ్లీ కట్టిన అనుభవంతో చెబుతున్నాను: పెట్టె మీది అంకెను చూసే ముందు మన గది గాలి ఎంత వేడిగా ఉంటుందో తెలుసుకోవాలి. రేడియేటర్ పరిమాణం, మందం, ఫిన్ల సాంద్రత, లోహం అన్నీ దాని తర్వాతి మాటలే.

ముందుగా గది

రేడియేటర్‌లోని నీరు గది గాలి కంటే చల్లగా ఎన్నటికీ కాలేదు. ఫ్యాన్లు ఎన్ని పెట్టినా, రేడియేటర్ ఎంత పెద్దదైనా, నీటి ఉష్ణోగ్రత గది ఉష్ణోగ్రతకు దగ్గరవుతుందే తప్ప దాని కిందకు దిగదు. అందుచేత మనం లెక్కించవలసింది నీటికీ గది గాలికీ మధ్య ఉండే తేడాను. ఫ్యాన్ల వేగం మారకుండా ఉన్నంతవరకు ఆ తేడా, రేడియేటర్ మోయవలసిన వేడికి దాదాపు నేరుగా అనుపాతంలో ఉంటుంది: 200 వాట్లకు 8 డిగ్రీల తేడా వచ్చిన రేడియేటర్‌కు 400 వాట్లకు సుమారు 16 డిగ్రీల తేడా వస్తుంది. గది వేడెక్కితే ఈ తేడా మారదు. మొత్తం లెక్క అంతే మేరకు పైకి జరుగుతుంది. 21 డిగ్రీల గదిలో ప్రాసెసర్ 68 డిగ్రీలు చూపించిందని సమీక్షలో చదివితే, అదే సరుకు అదే పనికి మన 34 డిగ్రీల గదిలో 81 దగ్గర ఉంటుందని ఊహించుకోవచ్చు.

మన నగరంలో మే నెల పగటి ఉష్ణోగ్రత తరచుగా 34, 35 డిగ్రీలకు చేరుతుంది. సముద్రపు గాలి ఆగి పడమటి గాలి తిరిగిన రోజుల్లో 40 దాటిన సందర్భాలూ ఉన్నాయి. పై అంతస్తులో ఉండేవారికి ఇంకో ఇబ్బంది ఉంది: పగలంతా కాగిన స్లాబు రాత్రి పది దాటినా గదిలోకి వేడిని దింపుతూనే ఉంటుంది. కాబట్టి వాతావరణ వార్తల్లోని అంకెను నమ్ముకోకుండా, గోడకు తగిలించే మామూలు థర్మామీటర్‌ను కంప్యూటర్ బల్ల మీద, క్యాబినెట్‌కు గాలి లోపలికి వెళ్లే వైపున పెట్టి, మీరు యంత్రాన్ని నిజంగా వాడే వేళల్లో వారం పాటు చూసి రాసుకోండి. ఏసీ వేసుకుని మాత్రమే వాడేవారికి ఆ అంకె 26 కావచ్చు. ఏసీ లేనివారికి 34 కావచ్చు. ఈ ఎనిమిది డిగ్రీల తేడా వల్ల ఒకరికి 240 రేడియేటర్ (120 మి.మీ. ఫ్యాన్లు రెండు పట్టేది) సరిపోతే, మరొకరికి అదే పనికి 360 (మూడు పట్టేది) కావలసి వస్తుంది.

ఇక్కడ చాలామంది అడిగే ప్రశ్న ఉక్కపోత గురించి. మన దగ్గర గాలిలో తేమ ఎక్కువ కాబట్టి రేడియేటర్ సరిగా పనిచేయదేమోనని అనుమానిస్తారు. మనిషికి ఉక్క పోసేది చెమట ఆరకపోవడం వల్ల. గడ్డి తడకల ఎయిర్ కూలర్ అనంతపురంలో హాయినిచ్చి విశాఖలో విసిగించేదీ అందుకే. పరవాడ దగ్గర సింహాద్రి విద్యుత్ కేంద్రంలో ఆకాశంలోకి లేచి కనిపించే కూలింగ్ టవర్లు కూడా నీటిని ఆవిరి చేసే చల్లబరుస్తాయి గనుక, వాటి పనితీరు గాలిలోని తేమను బట్టి మారుతుంది. కంప్యూటర్ రేడియేటర్‌లో నీరు మూసిన గొట్టాల్లో తిరుగుతుంది, ఒక్క చుక్క కూడా గాలిలోకి ఆవిరై చల్లబరచదు. దానికి తెలిసింది గాలి ఉష్ణోగ్రత మాత్రమే. తేమను చూసి రేడియేటర్ పెంచనక్కర లేదు.

అయితే తేమ మరో విధంగా హెచ్చరిస్తుంది. నీటిని గది కంటే చల్లగా చేద్దామని చిల్లర్‌ను గాని, మంచును గాని వాడాలనుకుంటే, మే నెల సాయంత్రం ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా మీద క్షణాల్లో పట్టే చెమ్మను ఒకసారి చూడండి. అదే చెమ్మ మదర్‌బోర్డు మీదా పడుతుంది. విశాఖలో ఆ దారి వద్దు. గది గాలి కంటే నాలుగు డిగ్రీలు ఎక్కువలో తిరిగే నీటి వల్ల ఏ చెమ్మా పట్టదు.

వాట్ల లెక్క

తర్వాత మీ యంత్రం నీటిలోకి ఎంత వేడి దింపుతుందో తేల్చుకోవాలి. ప్రాసెసర్‌కు తయారీదారు చెప్పే టీడీపీ అంకె, అంటే కూలర్ మోయవలసిన వేడికి ఇచ్చే అంకె, దీనికి సరిపోదు. రైజెన్ 9 7950ఎక్స్‌కు టీడీపీ 170 వాట్లు అని ఉంటుంది, సాకెట్‌కు అనుమతించిన గరిష్ఠం మాత్రం 230 వాట్లు. కోర్ ఐ9-14900కె మీద 125 వాట్లు కనిపిస్తుంది, టర్బోలో, అంటే వేగం పెంచుకుని నడిచేటప్పుడు, దాని పరిమితి 253 వాట్లు. గ్రాఫిక్స్ కార్డుల్లో ఆర్‌టీఎక్స్ 4070 సూపర్‌కు 220 వాట్లు, 4090కు 450 వాట్లు. ఈ గరిష్ఠాలను కలిపితే వచ్చేది హద్దు. మీరు ఆటలు మాత్రమే ఆడేవారైతే ప్రాసెసర్ ఆ హద్దు దగ్గరకు అరుదుగా వెళుతుంది; గంటల తరబడి వీడియో రెండర్ చేసేవారికి, త్రీడీ పని చేసేవారికి మాత్రం ఆ హద్దే రోజువారీ లెక్క.

నేను విశాఖ ఇళ్లకు పెట్టుకున్న లెక్క ఇది: మధ్యరకం మందం ఉన్న మంచి రేడియేటర్‌లో, ఫ్యాన్లు నిమిషానికి వెయ్యి పైచిలుకు చుట్లతో చప్పుడు లేకుండా తిరుగుతూ ఉంటే, 120 మి.మీ. ఫ్యాన్ పట్టే ఒక్కొక్క భాగం, నీటికీ గాలికీ పది డిగ్రీల తేడా వద్ద, సుమారు 75 వాట్లు మోస్తుందని అనుకుంటాను. కొందరు వంద వాట్లు అంటారు, ఫ్యాన్ల వేగం పెంచితే ఆ మాటా నిజమే. రాత్రిపూట పక్కన పిల్లలు పడుకున్న గదిలో పెట్టే యంత్రానికి తక్కువ అంకె మీద కట్టుకోవడం మేలని నా అభిప్రాయం.

ఈ లెక్కతో రెండు యంత్రాలు చూద్దాం. రైజెన్ 7 7800ఎక్స్3డీ, ఆర్‌టీఎక్స్ 4070 సూపర్ రెండింటినీ ఒకే లూప్‌లో (నీరు తిరిగే ఒకే చుట్టులో) పెట్టి ఆటలు ఆడేవారికి, ప్రాసెసర్ నుంచి 80, కార్డు నుంచి 220, మొత్తం 300 వాట్లు. అంటే నాలుగు భాగాలు. రెండు 240లు గాని, ఒక 360తో పాటు ఒక 120 గాని సరిపోతాయి. 34 డిగ్రీల గదిలో నీరు 44 దగ్గర నిలుస్తుంది. ఇది చక్కని ఉష్ణోగ్రత. రెండోది కోర్ ఐ9-14900కె, ఆర్‌టీఎక్స్ 4090 ఉన్న ఎడిటింగ్ యంత్రం. గరిష్ఠంగా 703 వాట్లు. క్యాబినెట్‌లో రెండు 360లకు మించి పట్టకపోతే ఆరు భాగాలు, పది డిగ్రీల తేడాకు 450 వాట్లు మాత్రమే మోస్తాయి. 703 వాట్లకు తేడా 15 డిగ్రీలు దాటి నీరు 50కి చేరువవుతుంది. పంపులకు తయారీదారులు సాధారణంగా పెట్టే హద్దు 60 డిగ్రీలు కాబట్టి ప్రమాదం లేకపోయినా, అంత వేడి నీటితో గట్టి ప్లాస్టిక్ గొట్టాలు వాడటం నాకు ఇష్టం ఉండదు. అక్కడ ఫ్యాన్ల వేగం పెంచాలి, లేదా మూడో రేడియేటర్‌కు చోటున్న క్యాబినెట్ చూసుకోవాలి, లేదా ప్రాసెసర్ పవర్ పరిమితిని తగ్గించాలి. మూడింటిలో చివరిదానికి పైసా ఖర్చు లేదు, పోయే పనితనమూ కొద్దిదే. దుకాణంలో ఈ మాట చెప్పేవారు మాత్రం అరుదు.

రేడియేటర్ వేడిని మాయం చేయదని, గదిలోకి పంపుతుందని కూడా ఇక్కడే గుర్తుంచుకోవాలి. ఒక టన్ను ఏసీ లాగేది సుమారు 3,500 వాట్ల వేడి. 700 వాట్ల కంప్యూటర్ అందులో అయిదో వంతును తినేస్తుంది. తలుపులు మూసిన చిన్న గదిలో ఏసీ లేకుండా ఆ యంత్రం రెండు గంటలు నడిస్తే గది 34 దగ్గర ఆగదు, మీ లెక్క మొత్తం పైకి జరుగుతుంది. కిటికీ తెరిచి, క్యాబినెట్ వెనుక వేడిగాలి బయటకు పోయే దారి చూసుకోవడం రేడియేటర్ కొన్నంత పని చేస్తుంది.

ఇక నీళ్లు మొదట ప్రాసెసర్‌కు వెళ్లాలా కార్డుకు వెళ్లాలా, రెండు రేడియేటర్లు వరుసగా ఉండాలా మధ్యలో ఉండాలా అని చాలామంది మథనపడతారు. నిమిషానికి 4 లీటర్ల నీరు తిరిగే లూప్‌లో 300 వాట్లకు ఒక చివరకీ మరో చివరకీ మధ్య తేడా ఒక డిగ్రీకి కాస్త ఎక్కువ, అంతే. గొట్టాలు ఎలా పొందికగా వస్తాయో అలా పెట్టండి.

పొడవు, మందం, ఫిన్లు

రేడియేటర్ పేరులోని అంకె దాని మీద బిగించే ఫ్యాన్ల మొత్తం పొడవు. 120, 240, 360, 480 అన్నవి 120 మి.మీ. ఫ్యాన్లకు, 140, 280, 420, 560 అన్నవి 140 మి.మీ. ఫ్యాన్లకు. పొడవును చూసి మోసపోకుండా వైశాల్యం చూడాలి. 240కి ముఖ వైశాల్యం 288 చదరపు సెంటీమీటర్లు, 280కి 392, 360కి 432, 420కి 588. అంటే 280 రేడియేటర్ 240 కంటే మూడో వంతుకు పైగా పెద్దది, 360 కంటే పదో వంతు కూడా తగ్గదు, పైగా రెండే ఫ్యాన్లు. 140 ఫ్యాన్లు పట్టే క్యాబినెట్ ఉన్నవారు 280ని వదులుకోకూడదు.

మందంలో 27, 30 మి.మీ. పలుచనివి, 45 మధ్యరకం, 60 దళసరివి. డబ్బు, చోటు రెండూ ఉన్నప్పుడు చాలామంది మందంవైపు మొగ్గుతారు. నా సలహా ముందు వైశాల్యం, ఆ తర్వాతే మందం. 60 మి.మీ. రేడియేటర్‌లోకి మెల్లగా దూరిన గాలి సగం దారిలోనే నీటి వేడికి దగ్గరవుతుంది, మిగతా సగంలో అది తీసుకోగల వేడి తక్కువ. ఫ్యాన్లు 1,500 చుట్లు దాటి తిరిగినప్పుడు మాత్రమే ఆ మందానికి పెట్టిన డబ్బు తిరిగి వస్తుంది. చప్పుడు వద్దనుకునేవారికి ఒక దళసరి 240 కంటే ఒక పలుచని 360 మేలు.

ఫిన్ల సాంద్రతను అంగుళానికి ఎన్ని ఫిన్లు అనే ఎఫ్‌పీఐతో కొలుస్తారు. 8 నుంచి 12 ఉన్నవి పలుచగా, 20 పైబడినవి దట్టంగా ఉంటాయి. దట్టమైన ఫిన్లకు వైశాల్యం ఎక్కువే, కానీ వాటి మధ్య నుంచి గాలి తోయడానికి స్టాటిక్ ప్రెషర్ (అడ్డును దాటి గాలిని తోసే బలం) ఎక్కువున్న ఫ్యాన్లు, ఎక్కువ వేగం కావాలి. మన ఊళ్లో దట్టమైన ఫిన్ల మీద నాకున్న అభ్యంతరం వేరు, అది దుమ్ము. పోర్టు వైపు, గాజువాక వైపు ఉండేవారికి కిటికీ చట్రం మీద రెండు రోజులకే పేరుకునే నల్లని పొడి గురించి నేను చెప్పనక్కర లేదు. ఆ పొడి, దుప్పట్ల నూగు, సముద్రపు గాలి చెమ్మ కలిసి ఫిన్ల మధ్య అతుక్కుంటే మామూలు దుమ్ములా ఊదితే పోదు. 16కు లోపు ఎఫ్‌పీఐ ఉన్న రేడియేటర్‌నే విశాఖలో తీసుకోమంటాను.

ఒకసారి నా యంత్రంలో ఫ్యాన్ల వేగం మార్చకుండానే రెండు నెలల్లో నీరు ఆరు డిగ్రీలు పైకి వెళ్లింది. బయట నుంచి చూస్తే ఫ్యాన్లు శుభ్రంగా ఉన్నాయి, ఫిల్టర్ కడిగి ఉంది. నాలుగు స్క్రూలు విప్పి ఫ్యాన్ ఎత్తితే, రేడియేటర్ ముఖం మీద ఫ్యాన్ గుండ్రని ఆకారంలోనే బూడిదరంగు కంబళి ముక్క లాంటిది పరిచి ఉంది. గోటితో ఒక మూల పట్టుకుని లాగితే మొత్తం ఒకే పొరగా లేచి వచ్చింది. గాలిని రేడియేటర్‌లోకి తోసేలా ఫ్యాన్ బిగిస్తే దుమ్ము ఫ్యాన్‌కూ ఫిన్లకూ మధ్య, కంటికి కనపడని చోట చేరుతుంది. అప్పటి నుంచి ముందువైపు రేడియేటర్లకు ఫ్యాన్లను లోపలివైపు పెట్టి, గాలిని రేడియేటర్ గుండా లాగేలా బిగిస్తున్నాను. చల్లదనంలో తేడా స్వల్పం. ముందు ఫిల్టర్ తీసి మెత్తటి బ్రష్‌తో ఫిన్లను వాటి నిలువు దిశలో దువ్వితే పని అయిపోతుంది.

క్యాబినెట్‌లో పట్టేదీ పట్టనిదీ

360 రేడియేటర్ 360 మి.మీ. ఉండదు. రెండు చివర్ల ట్యాంకులు కలిపితే చాలావాటికి 395 నుంచి 400 దాకా వస్తుంది. 240కి 275 పైన, 420కి 455 పైన. మందానికి ఫ్యాన్ 25 మి.మీ. కలపాలి: 27 రేడియేటర్ అంటే 52, 60 రేడియేటర్ అంటే 85, రెండువైపులా ఫ్యాన్లు పెడితే 110. క్యాబినెట్ వివరాల్లో 400 మి.మీ. కార్డు పడుతుందని రాసి ఉన్నా, ముందువైపు 52 పోతే మిగిలేది 348 మాత్రమే. పైకప్పు కింద బిగించేవారు మదర్‌బోర్డు పైఅంచున ఉండే వీఆర్‌ఎమ్ (ప్రాసెసర్‌కు కరెంటును సర్ది అందించే భాగం) హీట్‌సింక్‌ను, ర్యామ్ ఎత్తును చూసుకోవాలి. ఎత్తైన ర్యామ్ కొన్నాక ఫ్యాన్ దానికి తగిలి ఆగిపోయిన యంత్రాలను నేను ఒకటికి రెండు చూశాను.

అంకెలు చదివి ఊహించుకోవడం కంటే తేలికైన ఉపాయం ఒకటుంది. చెప్పుల పెట్టె అట్టను కత్తిరించి, కొనాలనుకున్న రేడియేటర్, ఫ్యాన్ల మొత్తం పొడవు, వెడల్పు, మందం ఉండేలా టేపుతో పెట్టెగా అంటించండి. గొట్టాల ఫిట్టింగులు వచ్చే చివర మరో 30 మి.మీ. అట్టముక్క తగిలించండి. దాన్ని క్యాబినెట్‌లో పెట్టి, పక్క తలుపు మూసి చూడండి. కరెంటు వైర్ల కట్ట ఎక్కడ అడ్డొస్తుందో, గొట్టం ఎక్కడ మడతపడుతుందో ఏ వెబ్‌సైట్ చెప్పదు, ఆ అట్టపెట్టె చెబుతుంది.

ముందువైపు పెట్టాలా పైన పెట్టాలా అన్నదానికి జవాబు గాలిని బట్టి ఉంటుంది. ముందువైపు రేడియేటర్‌కు గది గాలి నేరుగా అందుతుంది. పైన పెట్టి గాలిని బయటకు పంపితే, అప్పటికే గ్రాఫిక్స్ కార్డు వేడిచేసిన గాలి దానికి చేరుతుంది. కార్డు గాలితో చల్లబడేదై, ప్రాసెసర్ మాత్రమే నీటితో చల్లబడేదైతే, ముందు పెడితే ప్రాసెసర్‌కు మేలు, పైన పెడితే కార్డుకు మేలు. రెండూ లూప్‌లో ఉన్నప్పుడు పెద్దదాన్ని ముందు, చిన్నదాన్ని పైన పెట్టడం నా అలవాటు. సీల్ చేసి వచ్చే ఏఐవో కూలర్లలో మరో నియమం తప్పదు: రేడియేటర్ పైభాగం పంపు కంటే ఎత్తులో ఉండాలి, లేకపోతే లోపలి గాలిబుడగలు పంపులోకి చేరి గరగర శబ్దం మొదలై, పంపు ఆయుష్షు తగ్గుతుంది.

లోహం

సముద్రానికి దగ్గరగా ఉండే ఇళ్లలో ఏసీ బయటి యూనిట్ ఫిన్లు రెండు మూడేళ్లకే తెల్లబారి, ముట్టుకుంటే సున్నంలా రాలిపోవడం మనందరికీ తెలిసిన దృశ్యమే. ఆ ఫిన్లు అల్యూమినియంవి. ఏఐవో కూలర్ల రేడియేటర్లు కూడా ఎక్కువగా అల్యూమినియమే. గదిలోపల ఉండే యంత్రానికి ఉప్పుగాలి అంత ఉధృతంగా తగలదు కాబట్టి బెంబేలెత్తనక్కర లేదు. కానీ క్యాబినెట్‌ను సముద్రం వైపు కిటికీ కింద పెట్టకపోవడం, ఫిన్ల మీది నల్ల పెయింట్ గీసుకుపోకుండా చూడటం, స్టెయిన్‌లెస్ స్క్రూలు వాడటం మంచిది.

లోపలి తుప్పు మరింత ముఖ్యం. వాటర్ బ్లాక్‌లు రాగివి, లేదా రాగి మీద నికెల్ పూత ఉన్నవి. వాటితో అల్యూమినియం రేడియేటర్‌ను ఒకే నీటిలో కలిపితే ఆ నీరే బ్యాటరీలా మారి అల్యూమినియంను తినేస్తుంది. ఏఐవోల్లో తుప్పు నిరోధక ద్రవం నింపి, సీల్ చేసి ఇస్తారు గనుక అవి ఏళ్ల తరబడి తట్టుకుంటాయి. మనం విడిభాగాలతో కట్టుకునే లూప్‌లో రాగి గొట్టాలు, రాగి ఫిన్లు, ఇత్తడి ట్యాంకులు ఉన్న రేడియేటర్ తప్ప మరొకటి వద్దు. ఇక్కడ నాకొక చేదు అనుభవం ఉంది. పూర్తి రాగి అని చెప్పి ఒక అమ్మకందారు ఇచ్చిన రేడియేటర్‌ను నమ్మి బిగించాను. అయిదు నెలలకు నీటి ప్రవాహం మందగించింది. బ్లాక్ విప్పితే సన్నని కాలువల్లో తెల్లని జిగురు, పెరుగు మీగడలా పేరుకుని ఉంది. బ్లాక్‌ను శుభ్రం చేయగలిగాను గాని, రేడియేటర్ పారేయవలసి వచ్చింది.

కొనేటప్పుడు పరీక్షించే మార్గాలు ఉన్నాయి. అయస్కాంతం పనికిరాదు, రాగికీ అల్యూమినియానికీ రెండింటికీ అది అంటదు. బరువు చూడండి: రాగి సాంద్రత అల్యూమినియానికి మూడింతలకు పైగా ఉంటుంది, చేతిలోకి తీసుకోగానే తేడా తెలుస్తుంది. ఫిట్టింగ్ పెట్టే రంధ్రంలోకి సెల్‌ఫోన్ లైట్ వేసి చూడండి. ఇత్తడి మరలు పసుపుగా కనిపిస్తాయి, అయితే అల్యూమినియం ట్యాంకులోనూ ఇత్తడి మర బిగించి ఇవ్వవచ్చు కాబట్టి అంతటితో ఆగకూడదు. కనిపించని మూలన ఒక ఫిన్ అంచును సూదితో కొద్దిగా గీకితే పెయింట్ కింద ఎర్రగా మెరవాలి. తెల్లగా మెరిస్తే అమ్మినవారికి తిరిగి ఇచ్చేయండి.

బిగించే ముందు

కొత్త రేడియేటర్ లోపల టంకం వేసినప్పటి ఫ్లక్స్ మిగిలి ఉంటుంది. సగం వరకు వేడినీళ్లు పోసి, రెండు రంధ్రాలనూ మూసి, రెండు నిమిషాలు బాగా ఊపి, తెల్లని గిన్నెలోకి వంచండి. మొదటిసారి నల్లని పలుకులు, పచ్చని నీరు వస్తాయి. గిన్నె అడుగు శుభ్రంగా కనిపించేదాకా, అయిదారుసార్లయినా సరే, ఇలాగే చేసి, ఆఖరున డిస్టిల్డ్ వాటర్‌తో తొలచండి. లూప్‌లోకి కుళాయి నీరు, బోరు నీరు ఎంతమాత్రం వద్దు. ఖనిజాలు బ్లాక్‌లోని సన్నని కాలువల్లో గట్టిపడతాయి. తర్వాత రేడియేటర్‌ను నీటితో నింపి, రంధ్రాలు మూసి, పాత న్యూస్‌పేపర్ మీద ఒక రాత్రంతా పడుకోబెట్టండి. కొరియర్‌లో దెబ్బతిన్న అతుకు ఉంటే పొద్దునకి కాగితం మీద మచ్చ కనిపిస్తుంది. ఆటోనగర్‌లో కారు రేడియేటర్లకు చేసినట్టు కంప్రెసర్ గాలి పట్టించి తొట్టెలో ముంచవద్దు, ఈ పలుచని గొట్టాలు అంత ఒత్తిడికి చేసినవి కావు.

స్క్రూల విషయంలో తొందర పనికిరాదు. 25 మి.మీ. ఫ్యాన్‌కు 30 మి.మీ. స్క్రూ సరైనది, లోపలికి దిగేది 5 మి.మీ. మాత్రమే. ఫ్యాన్ లేకుండా క్యాబినెట్ రేకుకు నేరుగా బిగించే చోట 5, 6 మి.మీ. చిన్న స్క్రూలే వాడాలి. ఒక కుర్రాడు పొడుగు స్క్రూను గట్టిగా తిప్పి, చివర ఆగినట్టనిపించినా మరో చుట్టు తిప్పాడు. అరగంట తర్వాత నల్లని ఫిన్ల మధ్య ఒక చుక్క మెరిసి, ఉబ్బి, కార్డు మీద పడింది. కొన్ని రేడియేటర్లలో స్క్రూ రంధ్రాల వెనుక రక్షణ రేకు ఉంటుంది. కొనేముందు ఫొటోల్లో అది ఉందో లేదో వెతికి చూడండి. ఫిట్టింగులకు జీ1/4 మర సర్వసాధారణం కనుక దాని గురించి చింత లేదు.

అంతా బిగించాక, నీటి ఉష్ణోగ్రత చూపే సెన్సర్ ఒకటి లూప్‌లో తప్పక పెట్టుకోండి. ఫ్యాన్ల వేగాన్ని ప్రాసెసర్ ఉష్ణోగ్రతకు కాకుండా ఆ సెన్సర్‌కు ముడిపెడితే, ప్రతి క్లిక్‌కూ ఫ్యాన్లు అరవడం ఆగుతుంది. ఎండాకాలం ఒక మధ్యాహ్నం, మీరు మామూలుగా చేసే బరువైన పనిని గంటసేపు నడిపి, గది, నీరు, ప్రాసెసర్ మూడు ఉష్ణోగ్రతలూ ఒక కాగితం మీద రాయండి. నీటికీ గదికీ తేడా పదిహేను డిగ్రీలు దాటితే ఫ్యాన్ల వేగం పెంచి చూడండి, అప్పటికీ దిగకపోతే ఇంకో రేడియేటర్ అవసరం. నీరు 42 దగ్గరే ఉండి ప్రాసెసర్ 90 చూపిస్తుంటే మాత్రం రేడియేటర్‌కు డబ్బు పెట్టకండి. అప్పుడు విప్పవలసింది బ్లాక్‌ను, చూడవలసింది దాని కింది థర్మల్ పేస్టును.